వేడి కాలువలో బంగారుతీగలు

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది కానీ, ప్లాంటు క్వార్టర్స్‌లో దాన్ని పలికినవాళ్లు లేరు. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా "చేపలక్కా" అనే పిలిచేవాళ్లు. చివరికి అత్తగారికి కూడా ఆ పిలుపే అలవాటైపోయింది. కోపమొస్తే మాత్రం దానికి "గారు" తగిలించేది. "చేపలక్కగారూ, పొయ్యి మీద పాలు పొంగి గంటయింది, తమరి చేపలు అనుమతిస్తే కాస్త ఇటు వస్తారా?" అని వంటింట్లోంచి కేకేసేది.

ఆ ప్లాంటులో బొగ్గు కాల్చి కరెంటు తీస్తారు. పక్కనే నది. నదిలో నీళ్లు పెద్ద పెద్ద పంపులతో తోడి, లోపల ఆవిరిని చల్లార్చి, అలా వేడెక్కిన నీళ్లను వెనకవైపున్న కాలువలోకి వదిలేసేవాళ్లు. వెడల్పాటి కాలువ, లోతు తక్కువ. తాపీగా పారుతూ, పోను పోను చల్లబడుతూ, దిగువన మళ్లీ నదిలో కలిసేది. చలికాలం నది అంచున గాజు పెంకులా మంచు కట్టే రోజుల్లో కూడా ఆ కాలువ మీద పొద్దున్నే పొగలు లేస్తుండేవి. చెయ్యి పెడితే స్నానానికి కాచిన నీళ్లలా హాయిగా ఉండేది.

చేపలక్క తండ్రి వలలు బాగుచేసేవాడు. నది సముద్రంలో కలిసే చోట, పడవల మధ్య పెరిగింది ఆమె. పెళ్లయి ఈ క్వార్టర్స్‌కి వచ్చిన మొదటి చలికాలంలో, ఒకరోజు కాలువ గట్టున నిలబడి రొట్టె ముక్క తింటుంటే తునకలు కొన్ని నీళ్లలో పడ్డాయి. గభాలున నాలుగు బంగారుతీగ చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. ఆమె అలాగే నిలబడిపోయింది. పుట్టింటి దగ్గర నదిలో ఆ రోజుల్లో చేపలు అడుగున రాళ్లలా పడుంటాయి. మేత వేసినా తల తిప్పవు.

"ఇవేంటండీ, ఈ చలిలో ఇలా తింటున్నాయి?" అని ఆ రోజే భర్తని అడిగింది.

ఆయన ప్లాంటు కంట్రోలు రూములో ఆపరేటరు. నెమ్మదస్తుడు. మాట్లాడే ముందు మాటని ఒకసారి నోట్లో తిప్పి చూసుకునే రకం. "వాటికి చలికాలం వచ్చిందని ఎవరు చెప్పారు?" అన్నాడు. హాస్యానికన్నమాటే. ఆమె దాన్ని పట్టుకుంది. చలికాలమే లేని చేప ఏడాది పొడుగునా తింటుంది. తింటే పెరుగుతుంది. నదిలో రెండేళ్లకొచ్చే ఎదుగుదల ఇక్కడ ఏడాదికే వస్తుంది.

ప్లాంటు వాళ్ల చుట్టూ తిరిగి తిరిగి అనుమతి తెచ్చుకుంది. పాత డ్రమ్ములు కట్టి, తండ్రి పంపిన వలతో మొదటి పంజరం తనే అల్లింది. నీళ్ల మీద తేలే పంజరం, కింద సంచిలా వేలాడే వల, అందులో చేపపిల్లలు. అలా ఒకటి రెండయింది, రెండు ఎనిమిదయ్యాయి. ఇద్దరు కూతుళ్లు ఆ చేపల మీదే చదువుకుని, ఉద్యోగాలొచ్చి వేరే ఊళ్లలో స్థిరపడ్డారు. పై పంజరంలో తల్లిచేపలుండేవి, గుడ్ల కోసం పెట్టుకున్నవి. వాటిలో అన్నిటికన్నా పెద్దదానికి ఆమె "పెద్దావిడ" అని పేరు పెట్టింది. మేత ముందు తనకి పడకపోతే తోకతో నీళ్లు మొహాన కొట్టేది.

"నా పేరే దొరికిందా నీకు?" అని అత్తగారు ఒకసారి నిలదీసింది.

"అదేం లేదత్తయ్యా."

"ఏం లేదంటే నమ్మాలా? మూతి కూడా నాలాగే పెట్టింది."

ఈ సరదాలన్నీ ప్లాంటు మూసేస్తారన్న మాట వినబడేదాకా. పాతదైపోయింది, బొగ్గు ఖర్చు పెరిగింది, చలికాలం చివర్లో ఆపేస్తారు అని ముందు పుకారుగా వచ్చింది, తర్వాత నోటీసు బోర్డు ఎక్కింది. క్వార్టర్స్‌లో ఎవరి దిగులు వాళ్లది. ఎవర్ని ఎక్కడికి బదిలీ చేస్తారో, ఎవర్ని ఇంటికి పంపిస్తారో తెలియదు. చేపలక్క దిగులు మాత్రం నీళ్ల గురించి. ప్లాంటు ఆగితే పంపులు తోడేది ఉత్త నది నీళ్లే. ఆ నీళ్లే కాలువలోకొస్తాయి. అప్పుడు తన చేపల గతేంటి?

మత్స్యశాఖలో ఒక ఆఫీసరమ్మ ఉండేది. వయసులో చేపలక్క పెద్ద కూతురంత. ఏ ఊరి చెరువులో చేపలు తేలినా బూట్లేసుకుని దిగిపోయేది. కబురు పెడితే వచ్చింది. పంజరం అంచున కూర్చుని, దారం కట్టిన థర్మామీటరు నీళ్లలో వదిలి, తీసి చూసి, మళ్లీ వదిలింది.

"చెప్పమ్మా, నీళ్లు నములుతావేంటి?" అంది చేపలక్క.

"అక్కా, మనకి చలేస్తే ఒళ్లే లోపలి నుంచి వేడి పుట్టిస్తుంది. చేపకి ఆ వీలు లేదు. నీళ్లెంత చల్లనో దాని ఒళ్లూ అంతే చల్లన."

"నదిలో చేపలు చలికాలం బతకట్లేదా మరి? ఇవీ ఆ జాతే కదా."

"జాతి అదే. కానీ నదిలో చేప ఎండాకాలం నుంచి చలికాలంలోకి మెట్టు మెట్టుగా దిగుతుంది. దిగేలోపు ఒళ్లు మార్చుకుంటుంది. వెన్న చలికి గడ్డకడుతుంది, నూనె కట్టదు, చూశావుగా? చేప ఒంట్లో ప్రతి కణానికీ చుట్టూ పల్చటి కొవ్వు పొర ఉంటుంది. నీళ్లు చల్లబడే కొద్దీ ఆ పొరలో గడ్డకట్టే రకం తగ్గి, జారుగా ఉండే రకం పెరుగుతుంది. అరిగించుకునే రసాలు, గుండె కొట్టుకునే తీరు, అన్నీ అలాగే సర్దుకుంటాయి. కానీ అందుకు వారాలు పడుతుంది. నీ చేపలు పుట్టి బుద్ధెరిగాక చలి చూసినవి కావు. ఒక్కరోజులో నది నీళ్లలో పడ్డాయంటే పొరలు బిగిసిపోతాయి, నరాలు పని చెయ్యవు, మొప్పలాడవు. నిలవలేక పక్కకి ఒరిగిపోతాయి."

చేపలక్క కాలువ పొడవునా చూసింది. "మెట్లు కావాలంటే ఉన్నాయిగా," అంది. "కిందకి పోయేకొద్దీ నీళ్లు చల్లనే. పంజరాల్ని కొంచెం కొంచెంగా కిందకి లాక్కుపోతే?"

"నేను చెబుదామనుకున్నదీ అదే. ఈ నెల నుంచే మొదలుపెట్టు. తల్లిచేపల్ని ముందు దించు, విలువైనవి అవేగా."

పని మొదలైంది. భర్తకి డ్యూటీ లేని పూట ఇద్దరూ చెరో గట్టునా తాడు పట్టుకుని పంజరాన్ని కొంత దూరం దించేవాళ్లు. అక్కడ కొన్నాళ్లు ఆపేవాళ్లు. చేపలు కుదురుకున్నాయనిపిస్తే మళ్లీ ఇంకొంత. చూడ్డానికి పశువుల్ని తోలుకెళ్తున్నట్టుండేది. ముందు మెట్టులో చేపలు మేతకి ఎగబడ్డం తగ్గించాయి. తర్వాతి మెట్టులో పైకి రావడమే తగ్గించాయి. ఆఖరి మెట్టుకి చేరినవి గుంపుగా అడుగున పడుకుని, మేత మీద పడ్డా పట్టించుకోలేదు.

"జబ్బు చేసిందేమోనమ్మా, అసలు ముట్టట్లేదు," అని ఆఫీసరమ్మకి ఫోను చేసింది.

"జబ్బు కాదక్కా. సర్దుకుంటున్నాయి. మేత ఆపెయ్యి. ఈ చల్లదనంలో కడుపులో పడ్డది అరగక కుళ్లుతుంది."

ఆపమంటే ఆపగలదా? అన్నేళ్లుగా రోజూ మేత వేసిన చెయ్యి. ఖాళీ డబ్బా పట్టుకుని గట్టు మీద నిలబడేది. ఎవరూ చూడకుండా చిటికెడు వేసి, అది తేలుతూ నానిపోవడం చూసి, మళ్లీ జల్లెడతో తీసేసేది.

ఐదు పంజరాలు దిగాయి. పైన మూడు మిగిలాయి, అందులో తల్లిచేపలదొకటి. ముందు దించమన్నవే ఆఖరికి ఆగిపోయాయి. కారణం చెప్పుకుంటే చిన్నదే. వేడి నీళ్లలో ఉంటే గుడ్లు తొందరగా ముదురుతాయి. ఇంకొన్నాళ్లు ఆగితే ఒక కాన్పు చేతికొస్తుంది, ప్లాంటు ఆగేలోపు పిల్లల్ని తీసుకోవచ్చు. ఆశ ఆమెది. దానికి వంత పాడింది ఆయన.

"ఇంకా బోలెడు టైముందిలే," అన్నాడు. "ఆపడం కూడా ఒక్కసారి ఆపరు. రోజుకింత లోడు తగ్గించుకుంటూ వస్తారు. ఆపేది మా చేతుల మీదుగానే కదా? నీకు చెప్పకుండా ఆపుతానా?"

ఆ మాట మీద ఆమె నిశ్చింతగా ఉంది.

అది జరిగింది పట్టపగలు. చేపలక్క పై పంజరాల దగ్గర వల చిరుగు కుడుతోంది. ప్లాంటులోంచి ఒక్కసారిగా హోరు వచ్చింది. ఎప్పుడన్నా ఆవిరి వదిలితే వచ్చే చప్పుడు కాదిది, చెవులు మూసుకున్నా లోపల దూరేంత. వెనకే సైరను. తర్వాత హోరు సన్నగిల్లి, అన్నేళ్లుగా రాత్రింబవళ్లు వినిపిస్తూ వినిపించకుండా పోయిన ఆ గుయ్యిమనే శబ్దం కూడా ఆగిపోయింది. క్వార్టర్స్‌లో ఆడవాళ్లందరూ బయటికొచ్చి నిలబడ్డారు. అందరి మొగుళ్లూ లోపలే ఉన్నారాయె.

ఆయన ఫోను ఎత్తలేదు. మళ్లీ చేసింది. మళ్లీ. కాలువలో నీళ్లు మాత్రం ఎప్పటిలాగే పారుతున్నాయి. ఆమె వంగి చెయ్యి పెట్టింది. ఇంకా వెచ్చగానే ఉంది. కాసేపటికి మళ్లీ పెట్టింది. ఈసారి వేళ్లకి చల్లదనం తగిలింది.

అప్పుడు ఫోను ఎత్తాడు. వెనక కేకలు.

"ఏవండీ! మీకేం కాలేదుగా?"

"నాకేం కాలేదు. బాయిలర్లో ట్యూబు పగిలింది. ఆపేశాను."

ఆమె ప్రాణం కుదుటపడింది. పడిన మరుక్షణమే మాట నీళ్ల మీదికి పోయింది. "పంపులు నడుస్తున్నాయండీ. చన్నీళ్లొచ్చేస్తున్నాయి. పంపులాపితే ఉన్న వేడి నీళ్లన్నా నిలబడతాయి, మెల్లగా చల్లారతాయి..."

"ఇక్కడ ఫిట్టరు కాలిపోయాడే. ఆవిరి కొట్టింది. చెయ్యి, మెడ... అంబులెన్సు ఇంకా రాలేదు."

"అయ్యో," అంది. తర్వాత ఇంకో మాట కూడా అంది. "ఒక్క పంపయినా ఆపలేరా?"

ఫోను కట్టయింది.

తర్వాత ఆమె ఆలోచించలేదు, పరిగెత్తింది. కాలువ మలుపులో ఒక మడుగు ఉంది, నీళ్లు పారకుండా నిలిచే చోటు. అక్కడ వేడి కాస్తన్నా ఆగుతుంది. దగ్గరున్న పంజరం తాడు విప్పి లాగడం మొదలుపెట్టింది. ఒక్కదాని వల్ల ఎక్కడవుతుంది? రెండో తాడు ఎవరో పట్టుకుని లాగుతున్నారు. తల తిప్పి చూస్తే అత్తగారు. చెప్పుల్లేకుండా, కొంగు నడుముకి బిగించి, బురదలో మోకాళ్లదాకా దిగి లాగుతోంది.

"అత్తయ్యా, పడిపోతారు!"

"మాట్లాడకు, లాగు."

ఆ ఒక్క పంజరాన్నీ మడుగులోకి చేర్చారు. తల్లిచేపల పంజరం దానికన్నా బరువు, దానికన్నా దూరం. దగ్గరికి వెళ్లేసరికి చేపలు అటూ ఇటూ పిచ్చెత్తినట్టు కొట్టుకుంటున్నాయి. వలకి గుద్దుకుంటున్నాయి. కొన్ని గాల్లోకి ఎగురుతున్నాయి. తాడు చేతికి చుట్టుకుని లాగింది. అరచేతులు ఒరుసుకుపోయాయి. పంజరం సగం దారిలో గట్టు రాయికి తట్టుకుని ఆగిపోయింది. ఆగిన చోటే చేపలు నెమ్మదించడం మొదలుపెట్టాయి. ముందు ఒకటి పక్కకి ఒరిగింది, తేరుకుంది, మళ్లీ ఒరిగింది. తర్వాత ఒకదాని వెనక ఒకటి. పెద్దావిడ వలకి ఆనుకుని, నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. చేపలక్క నీళ్లలోకి దిగి రెండు చేతులతో దాన్ని నిలబెట్టి పట్టుకుంది. వదిలితే ఒరిగిపోయింది. మళ్లీ నిలబెట్టింది. తన కాళ్లు మొద్దుబారిపోయి, పళ్లు కొట్టుకుంటుంటే, అత్తగారు జబ్బ పట్టుకుని గట్టు మీదికి ఈడ్చింది.

తల్లిచేపలూ, అసలు కదిలించలేకపోయిన మూడో పంజరంలోవీ అన్నీ పోయాయి. పంజరాల్లోవే కాదు. వెచ్చదనం కోసం నదిలోంచి కాలువలోకి వచ్చి చేరిన చేపలు కూడా గట్టు పొడవునా తెల్లటి పొట్టలతో తేలాయి.

సాయంత్రం క్వార్టర్స్ వాళ్లు బుట్టలు తెచ్చుకుని వచ్చి మొహమాటంగా నిలబడ్డారు. "తీసుకెళ్లండి," అంది. పెద్దావిడని మాత్రం అత్తగారు ఎవరికీ ఇవ్వనివ్వలేదు. తనే గోనెలో చుట్టి పెరట్లో గుంట తీయించి పూడ్చిపెట్టింది. ఎవరైనా నవ్వుతారేమోనని చుట్టూ ఒకసారి చూసింది. ఎవరూ నవ్వలేదు.

ఆయన ఇంటికి వచ్చేసరికి ఒంటి మీద మసి, కాలిన వాసన. గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. ఆమె మంచినీళ్లు పక్కన పెట్టి లోపలికెళ్లింది.

"ఆ అబ్బాయికి ఎలా ఉందిరా?" అని తల్లి అడిగింది.

"బతుకుతాడన్నారు. కళ్లకి ఏం కాలేదు. చెయ్యే..."

చేపల సంగతి ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు. వచ్చేటప్పుడు కాలువ గట్టు మీదుగానే వచ్చాడు, చూడకుండా ఎలా ఉంటాడు?

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. పోట్లాట లేదు, అదే తంటా. అన్నం వడ్డించేది, తినేవాడు. "తాళంచెవి ఎక్కడ?" "మేకుకే ఉంది." అంతవరకే. మడుగులో పెట్టిన పంజరంలో మూడొంతులు బతికాయి. దిగువనున్న ఐదు పంజరాల్లో ఒక్క చేపా చావలేదు. వాటి మీదుగానూ ఆ నది నీళ్లే పారాయి. అవి అడుగున ఒత్తుగా పడుకుని, మొప్పలు నిదానంగా ఆడిస్తూ ఉండిపోయాయి. చూసి సంతోషించాల్సింది. ఆమెకి ఒళ్లు మండింది. వాటిని దించిన తాడుతోనే వీటినీ దించొచ్చు కదా అని తనని తనే తిట్టుకుంది. ఆయన "బోలెడు టైముంది" అన్న మాట గుర్తొచ్చి ఆయన్నీ తిట్టుకుంది, మనసులోనే. ఉన్నట్టుండి ట్యూబు పగులుతుందని ఎవరు కలగంటారు అని మళ్లీ తనే సర్దిచెప్పుకుంది. ఇలా రోజుకెన్నిసార్లో.

ఫిట్టరుని చూడ్డానికి అత్తగారితో ఆసుపత్రికి వెళ్లింది. చిన్నవాడు, ముప్ఫై నిండాయో లేదో. పెళ్లాం పక్కన స్టూలు మీద కూర్చుని కుడిచేతి కట్టు మీద ఈగ వాలకుండా విసురుతోంది. చేపలక్కని చూడగానే లేవబోయాడు.

"వదినా, మీ చేపలన్నీ పోయాయట కదా. నా వల్లే ఆపేయాల్సొచ్చింది. అన్నయ్య ఆ క్షణాన మీట నొక్కకపోతే నేనీ పాటికి లేను. పాపం మీరు ఎన్నేళ్లు పెంచారో."

చేపలక్క పళ్ల సంచి మంచం మీద పెట్టి, "డాక్టరుతో మాట్లాడొస్తా," అని వరండాలోకి వచ్చేసింది. ఏ డాక్టరుతోనూ మాట్లాడలేదు. గోడకి ఆనుకుని నిలబడింది. 'మనిషి కాలిపోయాడని చెబితే అయ్యో అన్నాను, ఊపిరి తిప్పుకోకుండా పంపు గురించి అడిగాను. వాడేమో కట్లతో పడుండి నా చేపలకి బాధపడుతున్నాడు.' అత్తగారు వచ్చి పక్కన నిలబడి, ఏమైందని అడక్కుండా, "పద, బస్సుకి టైమవుతుంది," అంది.

ఆ బాయిలరు మళ్లీ వెలగలేదు. ఎలాగూ మూసేదానికి మరమ్మతులెందుకన్నారు. చలికాలం చివర్లో అనుకున్నది చలికాలం నడిమధ్యలోనే అయిపోయింది. ఆయనకి డ్యూటీ అంటే ఇక ఆగిన యంత్రాల్లోంచి నీళ్లు బయటికి వదిలేసి, వైర్లు విప్పించడమే. మధ్యాహ్నానికే ఇంటికొచ్చేసేవాడు. ఏం చెయ్యాలో తోచక, పిలవకుండానే కాలువ దగ్గరికి వచ్చి పాత డ్రమ్ములు శుభ్రం చేసేవాడు.

పంపులు కూడా పూర్తిగా ఆపేస్తారని తెలిశాక, పంజరాల్ని నదిలోకి దించాల్సొచ్చింది. ఇద్దరూ పడవలో కూర్చుని చివరి పంజరానికి లంగరు వేస్తుంటే, ఆమెకి ఇక ఉండబట్టలేదు.

"ఒక్కటడుగుతాను. ఆ రోజు ఒక పంపు ఆపడానికి వీలుందా, లేదా?"

ఆయన తాడు ముడి వేస్తున్నవాడు ఆగాడు. ఎప్పటిలాగే మాటని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"ఉంది," అన్నాడు. "రెండూ ఆపకూడదు. టర్బైను వేడిగా ఉంటుంది. ఒకటి ఆపొచ్చు. నేను నిలబడ్డ చోటు నుంచి చెయ్యి చాస్తే మీట అందేది."

"మరి?"

"గుర్తు రాలేదు."

"నేను ఫోను చేసి చెప్పాను."

"చెప్పావు. విన్నాను కూడా. ఫోను జేబులో పెట్టేసరికి మర్చిపోయాను. వాణ్ని కంట్రోలు రూముకి మోసుకొచ్చారు, చొక్కా ఒంటికి అంటుకుపోయింది, అది కత్తిరిస్తున్నాం. రాత్రి ఇంటికొచ్చేటప్పుడు గట్టు మీద చేపల్ని చూసి, అప్పుడు గుర్తొచ్చింది. కావాలని చెయ్యలేదే. నీ మాట నా తలలో లేనే లేదు. అది నీకెలా చెప్పను?"

పడవ మెల్లగా పక్కకి తిరిగింది. ఆమె తెడ్డుతో సరిచేసింది.

"మనిషి కాలిపోయాడని మీరు చెప్పాక కూడా నేను పంపు గురించే అడిగాను," అంది.

"అడిగావు."

"దానికి మీకు కోపం లేదా?"

"ఉంది," అన్నాడు. "ఉండేది. ఇప్పుడు ఎంతుందో తెలీదు."

ముడి వేయడం పూర్తి చేశారు. ఇంటికొచ్చి అత్తగారు వడ్డించింది తిన్నారు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత ఆమెకి నిద్ర పట్టింది, ఆయనకి పట్టలేదు.

ఒకటి మాత్రం ఆమె ఆఫీసరమ్మని అడిగి తెలుసుకుంది. ఒక పంపు ఆపి ఉంటే తల్లిచేపలు బతికేవా అని. "చెప్పలేనక్కా," అంది ఆ అమ్మాయి. "సగం నీళ్లొచ్చినా చన్నీళ్లే కదా. కాస్త ఆలస్యమయ్యేది. కొన్ని బతికేవేమో, బతికేవి కావేమో." అవునని చెప్పినా కాదని చెప్పినా బాగుండేది. ఏదో ఒకటి పట్టుకుని ఏడ్చేది.

నదిలో చేపలు చలికాలమంతా అడుగునే ఉన్నాయి. చిక్కిపోయాయి. నీళ్లు వెచ్చబడుతుంటే ఒకరోజు ఒకటి పైకొచ్చింది, పక్కరోజు పది. మేత వేస్తే మొదట మూతితో తోసి వదిలేశాయి, తర్వాత తిన్నాయి. వేసవికి వాటి ఎదుగుదల పాత కాలువ చేపలకి సగం కూడా లేదు. కొనేవాళ్లు పెదవి విరిచారు. కండ గట్టిగా ఉందని ఒకరిద్దరు మెచ్చుకున్నారు కానీ, మెచ్చుకోలుతో పంజరాలు నిండవు. తల్లిచేపల్ని మళ్లీ మొదటి నుంచి ఎంచుకోవాలి. దానికి ఏళ్లు పడుతుంది.

క్వార్టర్స్ ఖాళీ చేయమన్నారు. ఆయనకి ఇంకో ప్లాంటులో ఉద్యోగం ఇచ్చారు, రైల్లో ఒక రాత్రి ప్రయాణం. వెళ్లమని ఆమే అంది. చేపల్ని వదిలి తను రాలేనని కూడా అంది. ఆ మాటలో కోపం ఉందా అని ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఆమెకే తెలియదు. నది దగ్గర రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకున్నారు. ఆయన తల్లిని తనతో రమ్మంటే, "నువ్వు డ్యూటీకి పోతే నేనక్కడ గోడలతో మాట్లాడనా? దీనితో అయితే రోజూ పోట్లాడొచ్చు," అని ఇక్కడే ఉండిపోయింది.

ఫిట్టరుకి చెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. వేళ్లు ముడుచుకుపోతాయి. స్పానరు పట్టలేడు. ఊరికే కూర్చోలేక నది ఒడ్డుకి వస్తూ పోతూ, ఒకరోజు తాడు అందించాడు, ఇంకోరోజు మేత మూట మోశాడు. ఇప్పుడు పంజరాల్లో అతనికి వాటా ఉంది. కాలిన చోట చర్మం చలికి పగులుతుంది, అందుకని మోచేతిదాకా రబ్బరు తొడుగు వేసుకుంటాడు. చేపలక్కతో మేత గురించి రోజూ వాదన. ఎక్కువేస్తావని ఆమె, తక్కువేస్తావని అతను.

ఆయన నెలకోసారి వస్తాడు. వచ్చిన పూట పొద్దున్నే పడవ తీసుకుని నలుగురికన్నా ముందు పంజరాల దగ్గరికి వెళ్లి, వలలో ఏమైనా చిక్కుకుందేమో చూసి వస్తాడు. ఆమె టీ పెట్టి గట్టు మీదికి తెచ్చిస్తుంది. అప్పుడప్పుడు మాట్లాడుకుంటారు, అప్పుడప్పుడు లేదు. ఆ రోజు సంగతి మళ్లీ ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. రెండో ఏడు చలి మొదలయ్యేటప్పటికి చేపలు వాటంతటవే మేత తగ్గించుకుంటూ వచ్చాయి. ఈసారి ఎవరూ చెప్పకముందే ఆమె డబ్బా మూత బిగించేసింది.